బల్లవాడలో రెండో గంట

ఆషాఢ బహుళ దశమి

ఈ చిట్టాలో లంగరు సంగతులు తప్ప మరొకటి రాయకూడదని రూలు. గొలుసు ఎంత బిగిసింది, దాని మీద తేలే పీపాకి ఎంత గుల్ల పట్టింది, నీరు ఎటు లాగుతోంది, అంతే. కానీ లంగరు కాసే కాపు ఒంట్లో సంగతి కూడా లంగరు సంగతేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాపు పడిపోతే గొలుసు ఎవరు చూస్తారు? అందుకని రాస్తున్నాను. నచ్చనివాళ్ళు పేజీ తిప్పేసుకోవచ్చు.

మూడో లంగరు గొలుసు బాగుంది. పీపా మీద గుల్ల గీకాను. నీరు ఈశాన్యానికి లాగుతోంది.

నేనూ బాగానే ఉన్నాను. తూకమే బాగోలేదు. పొద్దున్న ఒడ్డు నించి డాక్టర్ల పడవ వచ్చింది. త్రాసు ఎక్కితే నలభై ఎనిమిది చూపించింది. పోయిన ఏడాది యాభై నాలుగు ఉండేదాన్ని. డాక్టర్ షంషాద్ గారు త్రాసుని తట్టి, నన్ను దింపి మళ్ళీ ఎక్కించారు. త్రాసు మాట మార్చలేదు.

ఇక్కడో చిక్కుంది. నీటి మీద తేలే మా ఊరు కొట్టుకుపోకుండా గొలుసు బిగించాలంటే లంగరు చక్రాన్ని కాళ్ళతో తొక్కి తిప్పాలి. మోటారు లేకపోలేదు గానీ, తుఫానులో అన్నిటికన్నా ముందు చచ్చేది అదే. బరువు చాలకపోతే చక్రం మనల్నే ఎత్తి అవతల పారేస్తుంది. అందుకని కాపు యాభై కిలోలకి తగ్గకూడదని ఊరి కట్టుబాటు.

"కార్తీక పున్నమికి మళ్ళీ వస్తాను రత్నం గారూ. అప్పటికి యాభై దాటకపోతే మీరు నాతో ఒడ్డుకి రావాలి. ముక్కులోంచి గొట్టం వేసి బలం ఎక్కిస్తాం. ఈ తుఫానుల కాలానికి లంగరు ఇంకెవరికైనా అప్పజెప్పమని ఊరివాళ్ళకి చెబుతాను," అన్నారావిడ.

ఆ గొట్టం నాకు కొత్త కాదు. ఆ ఆసుపత్రి కిటికీ కూడా కొత్త కాదు. అందులోంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది కానీ కదిలినట్టుండదు. మళ్ళీ అక్కడికి వెళ్ళనని పడవ వెళ్ళిపోయాక పైకే అనుకున్నాను.

ఆషాఢ అమావాస్య

పోటు పెద్దది. గొలుసు రెండుసార్లు మూలిగింది. మామూలే.

చదివేవాళ్ళకి నా రోగం తెలియకపోతే తలా తోకా ఉండదు. పొట్ట వెనకాల క్లోమం అని ఒకటి అడ్డంగా పడుకుని ఉంటుంది. తిన్నది అరగడానికి రసం పోసేది అదే, ఒంట్లో చక్కెరని అదుపులో పెట్టేదీ అదే. రెండేళ్ళ కిందట నా పిత్తాశయంలోంచి ఓ రాయి జారి దాని దారికి అడ్డం పడింది. చేపని అరిగించాల్సిన రసం బయటికి పోలేక తన ఇంటినే అరిగించుకుంది. సగం క్లోమం చచ్చిపోయింది. వానాకాలమూ చలికాలమూ ఒడ్డు మీదే గడిచాయి. ముక్కులో గొట్టంతో తిండి ఎక్కిస్తూ, చచ్చినదాన్ని పొట్టలోకి వేసిన ఇంకో గొట్టంలోంచి కొంచెం కొంచెంగా లాగి పారేశారు. మళ్ళీ రాయి పుట్టకుండా పిత్తాశయాన్నీ తీసేశారు.

మిగిలిన సగానికి షంషాద్ గారు ఓ కాపలా గింజని తోడు పెట్టారు. ఆవగింజంత ఉంటుంది. వాపు తిరగబెట్టినా, చక్కెర పెరిగినా నా మణికట్టు మీది చుక్క ఎర్రబడుతుంది. ఇప్పటిదాకా చిలకపచ్చగా ఉంది. రసం చాలదు కాబట్టి పూటపూటా అరుగుడు మాత్రలు వేసుకోవాలి. వేసుకుంటున్నాను. సారా, పొగ దగ్గరికి పోకూడదు. పోవట్లేదు. అన్నీ చేస్తున్నా నేను చిక్కిపోతూనే ఉన్నాను. ఎవరికి చెప్పినా ముందు నా మణికట్టు చూసి "పచ్చగానే ఉంది కదా" అంటున్నారు.

ఇంకో సంగతి. సిగ్గుపడితే రోగం తగ్గదు కనక రాసేస్తున్నాను. మా బల్లవాడలో బల్లలు తేలతాయి, ఇళ్ళు తేలతాయి, వరి మళ్ళు తేలతాయి. తేలే ఊళ్ళో తేలకూడనిది ఒక్కటే ఉంది, పొద్దున్నే పాయిఖానాలో వదిలేది. నాది తేలుతోంది. పైన నూనె తెట్టు కూడాను.

ఆ మాట మా వదిన గురవమ్మ చెవిన వేశాను. ఊరి పొయ్యి ఆవిడదే. బల్లల మీద నిప్పు ప్రమాదమని ఊరంతటికీ ఒకటే పొయ్యి, ఒకటే వంట.

"నూనే గదా నీకు పడందీ! ఆ మాట ముందే సెప్పొచ్చు గదేటే," అంది వదిన. "సిక్కిపోయి సీపురుపుల్లలాగైపోనావు. రేపట్నించి నీ కూరలో సుక్క ఏస్తే ఒట్టు."

శ్రావణ శుద్ధ పంచమి

వదిన ఒట్టు నిలబెట్టుకుంది. నాకు వేరే గిన్నె పెట్టింది. అందులో ఉడికిన వంకాయ, ఉడికిన చేప, ఉడికిన ఉప్పు. అందరి పళ్ళాల్లో నాచు నూనెలో వేగిన ఉల్లిపాయ వాసన వస్తుంటే, నా పళ్ళెంలో ఆవిరి వాసన వస్తోంది. నా పక్కన కూచున్నవాళ్ళు జాలిపడి తమ వేపుడు నాకు కనపడకుండా అన్నం కింద కప్పేసుకుని తింటున్నారు. ఇంత ప్రేమగా ఎవర్నీ మాడ్చి ఉండరు.

మా బంతి గురించి రెండు ముక్కలు. రెండు పూటలా ఊరంతా నడిమధ్యనున్న పెద్దబల్ల మీద ఒకే వరసలో కూచుంటాం. ముందు అప్పన్న తాత గంట కొడతాడు. అది మందుల గంట. ఎవరి మాత్రలు వాళ్ళు నీళ్ళతో మింగాలి. తాత వరస పొడుగునా నడిచి ఒక్కొక్కరి చేతిలోకీ నోట్లోకీ తొంగిచూస్తాడు. ఆ తర్వాత వడ్డన మొదలవుతుంది. ఆఖరి పళ్ళెంలో అన్నం పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఊరు కట్టాక వచ్చిన మొదటి తుఫాను ఏడాది, వరస చివర కూచున్నవాళ్ళకి గంజినీళ్ళు కూడా మిగల్లేదట. అప్పట్నించీ ఈ పద్ధతి. ఆఖరి పళ్ళెం నిండేసరికి మొదటి పళ్ళెంలో పులుసు మీద తెట్టు కడుతుంది. అయినా ఎవరూ గొణగరు. ఈ పద్ధతంటే నాకు ఇష్టం.

ఇవాళ సాయంత్రం వెలుగు తగ్గాక పీపా ఎంత మునిగిందో చూపే ఎర్రగీత కనపడలేదు. తడిమి చూసుకోవాల్సి వచ్చింది. నాకు ముప్పై ఏడేళ్ళు. అప్పుడే రేచీకటి ఏమిటి? భయం వేసింది.

శ్రావణ పున్నమి

తెర మీద షంషాద్ గారితో మాట్లాడాను. రేచీకటి మాట వినగానే ఆవిడ మొహం మారిపోయింది.

"నూనె అరగకపోతే దాంతోపాటు వెళ్ళాల్సిన విటమిన్లూ ఒంటికి పట్టవు. కళ్ళకి, ఎముకలకి అవే ఆధారం. మాత్రలు వేసుకుంటున్నారా?"

"పూట తప్పకుండా ఏసుకుంటన్నాను డాక్టరమ్మా."

నా వెనకాల నిలబడ్డ అప్పన్న తాత ముందుకొచ్చాడు. "నాను సాచ్చికం. గంట కొట్టగానే మింగుద్ది. నోరు తెరిపించి మరీ సూత్తాను."

"మరి గింజ ఏమీ అనట్లేదేటి?" అని అడిగాను.

"గింజ క్లోమాన్నే చూస్తుంది రత్నం గారూ. మీరు తిన్నది మీకు అందుతోందో లేదో దానికి తెలియదు," అన్నారావిడ. మాత్రలు పూటకి రెండు చేసి, విటమిన్ చుక్కలు పంపిస్తానన్నారు. చక్కెర పరీక్ష కూడా మళ్ళీ చేయించమన్నారు. ఇలాంటి క్లోమానికి చక్కెర జబ్బు ఏళ్ళ తర్వాతైనా రావచ్చునట. చేయించాను, లేదు. అంతవరకు సంతోషం.

మాత్రలు రెండయ్యాయి. పొద్దున్న తేలేది ఇంకా తేలుతూనే ఉంది. ఊరి త్రాసు నలభై ఏడు అంటోంది. ఒడ్డు మీది ఆ కిటికీ కల్లోకి వస్తోంది.

శ్రావణ బహుళ షష్ఠి

ఏడో లంగరు దగ్గర ఉన్నాను. ఊరికి అన్నిటికన్నా దూరంగా ఉండేది ఇదే. దాని గొలుసులో ఓ కొలికి అరిగిందని కబురొస్తే వచ్చాను. మార్చడానికి నాలుగు రోజులు పట్టేట్టుంది. నిద్రా తిండీ పీపా మీది గూటిలోనే. వదిన క్యారియర్లో ఉడికించినవన్నీ సర్ది ఇచ్చింది.

మధ్యాహ్నం మా ఆయన సింహాచలం వలల పడవ ఈ పక్కగా వెళ్తూ ఆగింది. వాళ్ళ పడవ మీద సొంత పొయ్యి ఉంది. అప్పుడే తీసిన వంజరం ముక్కలు, కారం పట్టించి, నూనెలో ముంచి వేయించినవి ఆకులో పెట్టి అందించాడు.

"నాకు నూనె పడదని తెల్దేటి?" అన్నాను.

"నీ మొకం సూసుకున్నావా? నూనె మానీసి బాగుపడ్డావేటి? తినీ. ఏటైనా అయితే నానే ఒడ్డుకి తీసుకెల్తాను."

కోపం వచ్చినట్టు మొహం పెట్టాను. పడవ మలుపు తిరగ్గానే ఆకు విప్పాను. నా కక్కుర్తి గురించి ఇంతకన్నా రాయను. సగం తిన్నాక, చేతులు మసాలాతో నిండిపోయి ఉండగా, మాత్రలు వేసుకోలేదని గుర్తొచ్చింది. ఇక్కడ గంట లేదు, తాత లేడు, ఎవరు గుర్తు చేస్తారు? మోచేత్తో డబ్బా తెరిచి రెండూ నోట్లో వేసుకుని, మిగతా సగం తినేశాను. ఇప్పుడు కడుపు ఎప్పుడు తిరగబడుతుందా అని ఎదురు చూస్తూ ఇది రాస్తున్నాను.

శ్రావణ బహుళ సప్తమి

తిరగబడలేదు.

నొప్పి లేదు, ఉబ్బరం లేదు. చుక్క పచ్చగానే ఉంది. పొద్దున్న చూశాను. మునిగింది. రాయిలా మునిగింది. పీపా అంచున నిలబడి చప్పట్లు కొట్టాను. చూడ్డానికి కొంగలు తప్ప ఎవరూ లేరు కనక సరిపోయింది.

శ్రావణ బహుళ నవమి

ఇది నూనె తప్పు కాదని తేల్చుకోవడానికి మొన్నా నిన్నా మా ఆయన పడవని ఆపి మరీ వేపుడు అడిగి తీసుకున్నాను. అన్నం కలుపుకుని, మొదటి ముద్దతో ఒక మాత్ర, సగంలో ఇంకోటి. రెండు రోజులూ మునిగింది.

అవే మాత్రలు. ఎక్కువ నూనె. తేడా ఒక్కటే. ఊళ్ళో గంటకి మింగుతాను, అన్నం ఎప్పుడో పడుతుంది. ఇక్కడ అన్నమూ మాత్రా కలిసి దిగుతున్నాయి.

గూటిలో ఉన్న తెర మీద చెబితే షంషాద్ గారు తల పట్టుకున్నారు. "మాత్ర క్లోమం చేసే పని చెయ్యాలంటే అన్నంతో కలవాలి కదండీ! అన్నం వచ్చేసరికి మీ మాత్ర పని అయిపోయి పేగుల్లోకి వెళ్ళిపోతోంది. పూట తప్పట్లేదని విని అక్కడితో ఆగిపోయాను. గంటకీ వడ్డనకీ మధ్య ఇంత ఆలస్యమవుతుందని నాకు తట్టలేదు. నూనె కూడా మానకండి, మీకు బలం కావాలి. ఒక్కసారే ఎక్కువ తినకుండా కొంచెం కొంచెంగా తినండి."

"అంతేనా?" అన్నాను.

"అంతే," అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు రెండూ చేశాను.

భాద్రపద శుద్ధ విదియ

నాలుగు రోజులనుకున్న కొలికి పని పదకొండు రోజులు పట్టింది. ఇవాళే ఊళ్ళోకి వచ్చాను. పని సులువే అనుకున్నాను. గంట కొట్టినప్పుడు మాత్రలు చేతిలో ఉంచుకుని, ఆఖరి పళ్ళెం నిండాక వేసుకుంటే చాలు. ఈ ముక్క తాతకి ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

తాత నా ముందు ఆగి చెయ్యి చాపాడు. "పిడికిలి ఇప్పు."

విప్పాను. రెండు మాత్రలు.

వరసంతా నా వైపు తిరిగింది. తాత మొహం అంత ఎర్రబడగా నేను ఎప్పుడూ చూడలేదు. "ఇదా సంగతి! పూట తప్పలేదని డాక్టరమ్మకి నా సేత అబద్దం సెప్పించినావా? ఎన్నాళ్ళబట్టి దాత్తన్నావే?"

"దాయలేదు తాతా. అన్నంతో ఏసుకోవాలట..."

"అందరూ ఏదో ఒకటి సెప్తారు. మా అన్నా సెప్పీవోడు, తరవాత ఏసుకుంటాన్రా అని. ఆడు పోనాక ఆడి మంచం కింద సూత్తే గుప్పెళ్ళు గుప్పెళ్ళు దొరికినాయి." తాత నా చెయ్యి పట్టుకుని నోటి దగ్గరికి నెట్టాడు. "ఆ రోజు నించే ఈ గంట కొడతన్నాను. నాను బతికుండగా ఈ బంతిలో ఒక్క మాత్ర కూడా పిడికిట్లో ఉండదు. మింగు."

ఊరంతా చూస్తోంది. మింగాను. వదిన తెచ్చిన పులుసులో ఇవాళ నూనె ఉంది, నేనే పొయ్యమన్నాను. తింటుంటే ఏ రుచీ తెలియలేదు.

భాద్రపద శుద్ధ తదియ

తేలింది.

భాద్రపద శుద్ధ చవితి

తాత ఇంటి బల్ల మీదికి వెళ్ళాను. గంటకి చింతపండు పట్టించి తోముతున్నాడు. నన్ను చూసి తల ఎత్తలేదు. నేనూ పక్కన కూచుని ఓ గుడ్డ తీసుకుని గంట రెండో వైపు తోమాను.

తర్వాత చెప్పాను. ఏడో లంగరు, వంజరం ముక్కలు, మునిగింది, తేలింది, అన్నీ. డాక్టరమ్మ మాటా చెప్పాను. నలభై ఏడు కిలోలని, కార్తీకానికి ఒడ్డుకి తీసుకుపోతారని, ఆ గొట్టమంటే నాకు చచ్చేంత భయమని కూడా చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను.

"అయితే నాను కొట్టిన గంటకేనేటి నువ్వు సిక్కిపోనావు?" అన్నాడు తాత. గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

"నీ గంట ఎంతమందిని బతికించిందో నాకు తెల్దా తాతా? నా ఒక్కదానికే కుదర్లేదు."

"మరి గంట ఎనక్కి జరుపుదామా?"

"చక్కెర మాత్రలోళ్ళు తిండికి ముందే ఏసుకోవాలి గదా. జరిపితే ఆళ్ళకి కట్టం."

తాత గంటని తిప్పి తిప్పి చూశాడు. నేను లేచి వచ్చేశాను. ఏమవుతుందో తెలియదు.

భాద్రపద శుద్ధ పంచమి

మధ్యాహ్నం బంతి. గంట మోగింది. తాత వరస పొడుగునా నడిచాడు. నా ముందు ఆగలేదు. నా పిడికిలి వైపు చూసి దాటి వెళ్ళిపోయాడు. జనం గుసగుసలాడారు. వడ్డన సాగింది. ఆఖరి పళ్ళెం నిండింది. అందరూ అన్నం కలిపి ముద్ద ఎత్తబోతుండగా గంట మళ్ళీ మోగింది.

తాత గంట కింద నిలబడి ఉన్నాడు. "ఇది రెండో గంట," అన్నాడు పెద్దగా. "ఇది రత్నానిది. దాని మాత్ర అన్నంతోనే దిగాల. అది దిగినాకే మీ ముద్దలు. ఆఖరి పళ్ళెం నిండీదాకా ఆగినోళ్ళం, ఇంకో గుటక ఆగలేమేటి?"

ఊరంతా చేతిలో ముద్ద పట్టుకుని నన్ను చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముద్ద నోట్లో పెట్టి, మాత్ర వేసుకుని మింగాను. తాత దగ్గరికొచ్చి, "నోరు తెరు," అన్నాడు. తెరిచాను. చూసి, "తినండి," అన్నాడు ఊరితో.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

గొలుసులన్నీ బాగున్నాయి. కొత్త కొలికి గట్టిగా ఉంది.

సాయంత్రం పీపా మీది ఎర్రగీత కనపడుతోంది. వదిన వేపుడు మీద వేపుడు పెడుతోంది. కొంచెం కొంచెంగా తినాలన్నారని పొద్దున్నా సాయంత్రమూ బెల్లం, వేరుశెనగ ఉండలు చేసి నా పడవలో పెడుతోంది, వాటితోనూ మాత్ర వేసుకుంటున్నాను. ఇన్నాళ్ళు నన్ను ఆవిరి కూడు తినిపించిన బాకీ మొత్తం ఒక్కసారే తీర్చేద్దామని ఉన్నట్టుంది. వద్దంటే, "నోర్ముయ్యి, నీకేటి తెల్సు," అంటోంది. ఈ మాట అనిపించుకోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నలభై తొమ్మిది. ఇంకా చాలదు. ఆగ్నేయం వైపు మబ్బు కడుతోంది, తుఫానుల కాలం దగ్గరపడుతోంది.

కార్తీక పున్నమి

డాక్టర్ల పడవ వచ్చింది. త్రాసుని పెద్దబల్ల మధ్యలో పెట్టారు. ఊరికి పనేమీ లేనట్టు అందరూ చుట్టూ చేరారు. చెప్పులు విప్పాను. చేతి గాజులు తియ్యమంటారేమోనని నేనే తీసేశాను. ఎక్కి కళ్ళు మూసుకున్నాను.

"యాభై ఒకటి," అన్నారు షంషాద్ గారు.

వదిన పెట్టిన కేక ఏడో లంగరు దాకా వినపడి ఉంటుంది. నేను మాత్రం త్రాసు మీదే కూలబడిపోయాను. దాంతో ఆ అంకె చెదిరిపోయింది. మళ్ళీ నిలబెట్టి చూశారు. యాభై ఒకటే.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి తీరిగ్గా మాట్లాడారు. చచ్చిన సగం మళ్ళీ మొలవదు. మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలి. ఏడాదికోసారి చక్కెర, ఎముకలు, విటమిన్లు చూపించుకోవాలి. సారా జోలికి ఎప్పటికీ పోకూడదు. "కానీ ఇలాగే చూసుకుంటే ముసలయ్యేదాకా లంగర్లు కాయొచ్చు," అన్నారు. అన్నిటికీ బుర్ర ఊపాను. ముసలయ్యేదాకా అన్న మాట దగ్గర మాత్రం ఇంకోసారి చెప్పించుకున్నాను.

భోజనానికి ఆవిణ్ణి ఉండమన్నాం. నా పక్కనే కూచోబెట్టాం. పాపం, పొద్దున్న నించీ పడవలో ఏమీ తినలేదట. గంట మోగింది, మందులయ్యాయి, వడ్డన సాగింది. ఆఖరి పళ్ళెం నిండడం చూసి, ఇంక ఆగక్కర్లేదనుకుని ఆవిడ పులుసన్నం ముద్ద చేసి నోటి దాకా తీసుకెళ్ళారు.

"డాక్టరమ్మా, ఆగు!" అన్నాడు తాత.

ఆవిడ ఉలిక్కిపడి ముద్ద పళ్ళెంలో వదిలేశారు. ఊరంతా చేతులు కదపకుండా ఉంది.

"ఏమైందండీ?"

"ఇంకా మా పిల్ల మాత్ర ఏసుకోలేదు," అని తాత గంట అందుకున్నాడు.